రసీన్ 'ఫేద్ర' నాటకములో పాపము, కృప, నింద: సారంగధర కథతో పోల్చి ఒక పరిశీలన

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల సంఘకాపరుల అధ్యయన కూడికలో ఒకసారి నాకు ఆదికాండము 39వ అధ్యాయము పాఠముగా ఇచ్చారు. వాక్యములోనికి వెళ్ళే ముందు పేర్లు చెప్పకుండా ఒక కథ చెప్పాను. ఒక రాజు ఊరిలో లేడు. అతని రెండవ భార్య సవతి కొడుకును మోహించింది. అతడు నిరాకరించాడు. రాజు తిరిగి వచ్చేసరికి నింద కొడుకు మీద పడింది. రాజు విచారణ చేయలేదు, కొడుకు చనిపోయాడు. ఇంతవరకు చెప్పేసరికి వెనుక వరుసలో ఉన్న ఒక పెద్దాయన, "ఇది మన సారంగధర కథ గదయ్యా! చిన్నప్పుడు తెల్లారేదాక కూసోని చూసినం" అన్నారు. పక్కనున్న యౌవన కాపరి, "కాదండి, యోసేపు కథే. కాకపోతే చివర మార్చి చెప్తున్నారు" అన్నాడు.

నేను చెప్పినది ఆ రెండూ కాదు. 1677 జనవరి 1న పారిస్‌లో మొదటిసారి ప్రదర్శించబడిన 'ఫేద్ర' అనే ఫ్రెంచి విషాద నాటకము. దాని కర్త ఝాన్ రసీన్. అయితే ఆ ఇద్దరూ పొరబడలేదు. మూడింటికీ మూల సంఘటన ఒక్కటే. కాని మూడు కథలూ ముగ్గురు వేర్వేరు మనుష్యులను మన ముందు నిలబెడతాయి. క్రైస్తవ సాహిత్యమును గూర్చి మాట్లాడేటప్పుడు రసీన్ పేరు వస్తే ఆయన బైబిలు నాటకములైన 'ఎస్తేరు', 'అతల్యా'లనే ఉదహరించుట వాడుక. నా అభిప్రాయము వేరు. ఆయన చదువుకున్న వేదాంతము అన్నిటికంటె లోతుగా పనిచేసినది అన్యదేవతల పేర్లతో నిండిన 'ఫేద్ర'లోనే. ఆ నాటకము మన ప్రసంగాలు పట్టించుకోని ఒక వ్యక్తికి నోరు ఇచ్చింది. అదే నాటకము మరొక వ్యక్తి నోరు నొక్కింది కూడా. ఈ రెండవ సంగతిని ఫ్రెంచి నాటకము చదివేవారి కంటె మన పల్లె సంఘాల కాపరులే త్వరగా గుర్తుపట్టగలరని నా నమ్మకము.

నాటకకర్త జీవితము

రసీన్ 1639 డిసెంబరులో ఫ్రాన్సులోని లా ఫెర్తె మిలోన్ అనే చిన్న పట్టణములో జన్మించాడు. నాలుగేళ్ళు నిండేలోపే తల్లిని, తండ్రిని కోల్పోయాడు. నాయనమ్మ పెంచింది. ఆమె తరువాత పోర్ రొయాల్ అనే సన్యాసినుల మఠమునకు చేరింది. మనవడి చదువు ఆ మఠానికి అనుబంధముగా ఉన్న పాఠశాలలో సాగింది. ఈ ఒక్క సంగతి తెలియకపోతే రసీన్ అర్థము కాడు.

పోర్ రొయాల్ వారు జాన్సేనియస్ అనే బిషప్పు బోధను అనుసరించేవారు. ఆయన మరణానంతరము 1640లో వెలువడిన 'అగస్టీనుస్' అనే గ్రంథము, భక్తుడైన అగస్టీను కృపా సిద్ధాంతమును తిరిగి ముందుకు తెచ్చింది. పతనమైన మనుష్యుని చిత్తము తనంతట తాను దేవుని తట్టు తిరగలేదు. దేవుడు ఇచ్చే కృప మాత్రమే దానిని తిప్పగలదు. ఆ కృపను ఎవరూ సంపాదించుకోలేరు. లూథరును, కాల్వినును చదివిన మన విద్యార్థులకు ఇందులో వింత ఏమీ ఉండదు. రోమా సంఘము లోపల మాత్రము ఇది పెద్ద కలహమైంది. 1653లో పోపు పదవ ఇన్నోసెంటు ఈ గ్రంథమునకు సంబంధించి ఐదు ప్రతిపాదనలను ఖండించాడు. వాటిలో మొదటిది మనకు ముఖ్యము. నీతిమంతులు కోరి ప్రయత్నించినా కొన్ని ఆజ్ఞలను నెరవేర్చలేరు, నెరవేర్చుటకు తగిన కృప వారికి లేకపోవచ్చును అనేది దాని సారాంశము. ఆ సమయానికి రసీన్‌కు పదమూడేళ్ళు. ఆయన గురువులు నిందితుల పక్షమున ఉన్నారు.

ఆ బడిలో ఆయన గ్రీకు భాష బాగా నేర్చుకున్నాడు. యూరిపిదీసు, సోఫోక్లీసు నాటకములను మూలములో చదవగలిగాడు. గురువులు ఒకటి తలచి నేర్పితే శిష్యుడు ఆ గ్రీకుతో నాటకశాలకు వెళ్ళాడు. 1664లో మొదటి నాటకమును మోలియేర్ బృందము ఆడింది. తరువాత 'ఆంద్రొమాక్' (1667), 'బ్రితానికుస్' (1669), 'బెరెనీస్' (1670) మొదలైనవి ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. 1666లో పోర్ రొయాల్‌కు చెందిన నికోల్ అనే పండితుడు, నాటకములు వ్రాసేవారిని ఆత్మలకు విషము పెట్టేవారితో పోల్చాడు. ఆ మాట తనకే తగిలిందని రసీన్ భావించి, తనకు అన్నము పెట్టి చదువు చెప్పిన వారిని ఎగతాళి చేస్తూ ఒక ఉత్తరము అచ్చు వేయించాడు. తరువాత దానికి చాలా చింతించాడు.

1677లో 'ఫేద్ర' తరువాత ఆయన వృత్తి నాటకశాలకు మరి వ్రాయలేదు. ఆ ఏడే వివాహము చేసుకున్నాడు. మిత్రుడు బ్వాలోతో కలిసి పద్నాలుగవ లూయీ చరిత్రకారుడుగా నియమించబడ్డాడు. పోర్ రొయాల్ వారితో సమాధానపడ్డాడు. 1699 ఏప్రిల్ 21న మరణించాడు. ఆయన కోరిక ప్రకారము పోర్ రొయాల్‌లో తన పాత గురువు సమాధి దగ్గర పాతిపెట్టారు. రాజు ఆజ్ఞతో ఆ మఠము నేలమట్టమైన తరువాత, 1711లో అస్థికలను పారిస్‌లోని ఒక దేవాలయమునకు మార్చారు.

ఈ జీవితమును మన సాక్ష్య కూటాల పద్ధతిలో చెప్పుట చాలా సులువు: లోకములో పేరు సంపాదించాడు, మారుమనస్సు పొందాడు, నాటకములు విడిచిపెట్టాడు. ఆయన కుమారుడు లూయీ రసీన్ వ్రాసిన చరిత్రలో ఈ ధోరణి కొంత కనబడుతుంది. కాని రాజు చరిత్రకారుని పదవి గౌరవమును జీతమును తెచ్చినది, నాటకములు విడుచుటకు అదీ ఒక కారణమే. పైగా ఆయన 1687లోను, 1697లోను తన నాటకములను తిరిగి అచ్చు వేయించాడు, అక్కడక్కడ సవరించాడు కూడా. పాపమని పూర్తిగా విసర్జించినవాడు చేసే పని కాదది. మఠమును ప్రేమించాడు, ఆ మఠమును హింసించిన రాజును సేవించాడు. ఈ రెండు మనస్సుల మనిషిని ఒక సాక్ష్యముగా చక్కబెట్టకుండా ఉన్నవానిని ఉన్నట్టు చూచుట మంచిది. 'ఫేద్ర'ను వ్రాయగలిగినవాడు ఆ మనిషే.

సారంగధర

ఇక మన కథ. పదిహేనవ శతాబ్దములో గౌరన వ్రాసిన 'నవనాథ చరిత్రము' అనే ద్విపద కావ్యములో సారంగధరుని కథ ఉన్నది. గౌరన కుటుంబమునకు రాచకొండ ప్రభువుల కొలువుతో సంబంధము ఉన్నదని సాహిత్య చరిత్రకారులు చెబుతారు. రాచకొండ ఉమ్మడి నల్గొండ జిల్లాలోనిదే గనుక ఈ కథ మనకు దూరపుది కాదు. పదిహేడవ శతాబ్దములో తంజావూరు రఘునాథ నాయకుని ఆస్థాన కవి చేమకూర వెంకటకవి దీనినే ప్రబంధముగా వ్రాశాడు. కాలక్రమములో కథ రాజమహేంద్రవరమునకు, రాజరాజ నరేంద్రునికి ముడిపడింది. చరిత్రలో దీనికి ఆధారము లేకపోయినా రాజమండ్రిలో సారంగధర మెట్ట నేటికీ ఉన్నది. గురజాడ అప్పారావు 1883లో ఈ కథను ఆంగ్ల కావ్యముగా వ్రాశాడు. బళ్ళారిలో న్యాయవాదిగా ఉండిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు (1853-1912) వ్రాసిన 'విషాద సారంగధర' తెలుగులో మొదటి విషాదాంత నాటకముగా పేరుపొందింది. 1957లో నందమూరి తారక రామారావు, భానుమతి నటించిన చలనచిత్రము వచ్చింది.

రాజు వేటకు వెళ్ళినప్పుడు సారంగధరుని పావురము సవతి తల్లి చిత్రాంగి మేడపై వాలుతుంది. దానికోసము అతడు లోపలికి వెళ్తాడు. ఆమె కోరుతుంది, అతడు తిరస్కరిస్తాడు, ఆమె రాజుతో నింద చెబుతుంది. రాజు కాలు చేతులు నరికించమని ఆజ్ఞ ఇస్తాడు. పాత కథలలో ఒక సిద్ధుడు వచ్చి అవయవములను తిరిగి మొలిపిస్తాడు. సంస్కృత నాటక మర్యాద నాయకుని మరణముతో నాటకమును ముగించనివ్వదు. ధర్మవరం వారి సాహసము ఆ మర్యాదను దాటుటలో ఉన్నది. అంతవరకు మన ప్రేక్షకుడు అన్యాయమును చూచినా, చివర అద్భుతము ఒకటి దానిని సరిచేసేది.

కూడికలో మాట్లాడిన పెద్దాయన మరొక మాట కూడా చెప్పారు. చిత్రాంగి వేషము వస్తే ఆడవాళ్ళు మెటికలు విరిచేవారట. కథ మన జ్ఞాపకములో నిలిచిన తీరు అది. సారంగధరుడు మచ్చలేనివాడు, చిత్రాంగి మాయలాడి. మన ఆదికాండము 39 ప్రసంగములు కూడా ఇంచుమించు ఇదే పద్ధతిలో నడుస్తాయి. పోతీఫరు భార్యకు వాక్యములో పేరు లేదు, 19వ వచనము తరువాత ఆమె కనబడదు. ప్రసంగీకుడు ఆమెను శోధనకు బొమ్మగా చేసి, పారిపోయిన యోసేపును యౌవనస్థులకు మాదిరిగా చూపిస్తాడు. ఇందులో తప్పు లేదు. కాని ఆ ఆరాధనలోనే, తన పాపమును తాను అసహ్యించుకుంటూ దానినుండి బయటపడలేక కూర్చున్న మనిషి ఉంటే, ఆ మనిషికి ఈ ప్రసంగములో చోటు ఎక్కడ?

ఫేద్ర లోపలి మాట

రసీన్ మొదలుపెట్టినది అక్కడే. ఆయన ఫేద్ర మాయలాడి కాదు. తెర లేచే సమయానికి ఆమె అన్నము మానేసి చావు కోసము ఎదురుచూస్తున్నది. సవతి కొడుకు హిప్పొలీతు మీద పుట్టిన మోహమును చంపుకోవడానికి చేయవలసినదంతా చేసింది. గుడి కట్టించింది, బలులు అర్పించింది, అతనిని దేశమునుండి వెళ్ళగొట్టించింది, సవతి తల్లి క్రూరురాలనే పేరు కూడా భరించింది. ఏదీ పనిచేయలేదు. రాజు థీసియస్ చనిపోయాడని వదంతి వచ్చినప్పుడు దాది ఎనోన్ ఒత్తిడి మీద హిప్పొలీతును కలుస్తుంది; చెప్పకూడని మాట నోరు జారుతుంది. ఆ క్షణము నుండి ఆమెను ఎక్కువగా ద్వేషించేది హిప్పొలీతు కాదు, ఆమే.

రోమా 7:15-24 చదివిన వారికి ఈ స్వరము తెలిసినదే. మేలు ఏదో ఎరిగి, దానిని కోరి, చేయలేకపోవుట. ఐదు ప్రతిపాదనలలో మొదటిదానిని నాటకముగా మార్చితే ఇలాగే ఉంటుంది. ఫేద్రను కృప దొరకని నీతిమంతురాలిగా చదువుట ఫ్రెంచి విమర్శలో పాత అలవాటు. రసీన్ స్వయముగా తన ముందుమాటలో ఆమె పూర్తిగా దోషీ కాదు, పూర్తిగా నిర్దోషీ కాదు అనే భావము వ్రాశాడు. నాటకములను శంకించే భక్తిపరులు ఈ నాటకముతోనైనా సమాధానపడాలని ఆశించాడు కూడా.

నాలుగవ అంకములో ఒక ఘట్టము ఉన్నది. ఫేద్ర నిజము ఒప్పుకొని హిప్పొలీతును రక్షించాలనే భర్త దగ్గరకు వస్తుంది. అక్కడ హిప్పొలీతు ఆరిసీ అనే మరొక యువతిని ప్రేమిస్తున్నాడని వింటుంది. అసూయ గొంతు పట్టుకుంటుంది, ఒప్పుకోలు ఆగిపోతుంది. తరువాత ఆమె దాగుకొనుటకు చోటు వెదుకుతుంది. ఆకాశములో ఆమె తాతయైన సూర్యుడు ఉన్నాడు. పాతాళములో మృతులకు తీర్పు తీర్చే న్యాయాధిపతి ఆమె తండ్రే. 139వ కీర్తన (7-12) తెలిసిన పాఠకుడు ఇక్కడ ఆగిపోతాడు. కీర్తనకారునికి ఎక్కడికి వెళ్ళినా దేవుని చెయ్యి పట్టుకుంటుంది. ఫేద్రకు ఎక్కడికి వెళ్ళినా తీర్పే ఎదురవుతుంది. చివరకు విషము త్రాగి, నిజము చెప్పి చనిపోతుంది. ఆమె చేసినది నిజమైన ఒప్పుకోలు. కాని వినేవాడు లేడు, క్షమించేవాడు లేడు. 32వ కీర్తనలోని మౌనము ఆమెకు తెలుసు, దాని తరువాతి వచనము ఆమెకు అందలేదు.

ఇది సువార్త కాదు. అయినా సువార్త ఎవరికోసమో ఆ మనిషిని ఇంత స్పష్టముగా చూపిన నాటకము మరొకటి నేను చదవలేదు.

దాది మీదికి నెట్టిన పాపము

ఇంతవరకు మెచ్చుకోలు. ఇక్కడ నా అభ్యంతరము. గ్రీకు కవి యూరిపిదీసు నాటకములో ఫేద్రయే ఉత్తరము వ్రాసి హిప్పొలీతుపై నింద మోపుతుంది. రోమా కవి సెనెకా కూడా ఆమె నోటనే నింద పలికించాడు. రసీన్ దానిని దాదికి మార్చాడు. కారణము ముందుమాటలో దాచకుండా చెప్పాడు: ఇంత నీచమైన పని రాణికి తగదు, దాసీ స్వభావము గలవారికి తగును అని. హిప్పొలీతు విడిచిపెట్టిన ఖడ్గమును చూపించి రాజుకు అబద్ధము చెప్పేది దాదియే. తరువాత రాణి ఆమెను శపిస్తుంది. జీవితమంతా రాణి కోసమే బ్రతికిన దాది వెళ్ళి సముద్రములో పడి చనిపోతుంది. ఆమె కోసము వేదిక మీద ఎవరూ దుఃఖించరు.

రసీన్‌కు కృపా సిద్ధాంతము తెలుసు, అందరూ పాపము చేసియున్నారని తెలుసు. అయినా పాపమును పంచేటప్పుడు నీచమైన వంతును పనిమనిషికి వేశాడు. రాజసభ ముందు ఆడే నాటకము గనుక అని సమర్థించవచ్చు. నేను సమర్థించను. వెట్టిచాకిరి ఎరిగిన నేల మనది. దొర గడిలో వస్తువు పోతే మొదట జీతగాని గుడిసె వెదికేవారని మన సంఘాలలోని వృద్ధులు ఇప్పటికీ చెబుతారు.

ఇప్పుడు ఆదికాండము 39కి తిరిగి రండి. సారంగధరుడు రాజకుమారుడు, హిప్పొలీతు రాజకుమారుడు. యోసేపు మాత్రము కొనబడిన దాసుడు. పోతీఫరు భార్య రెండుసార్లు (14, 17 వచనాలు) అతని జాతిని ఎత్తి చూపి మాట్లాడుతుంది. ఒకసారి ఇంటి మనుష్యులతో, ఒకసారి భర్తతో. పరాయివాడు, దాసుడు అంటే చాలు, నింద సగము రుజువైనట్టే. లోకపు కథలు దాసునికి ఏ వంతు ఇస్తాయో పరిశుద్ధ గ్రంథము దానిని తిప్పి వ్రాసింది. ఇక్కడ నిర్దోషి దాసుడే, యెహోవా తోడైయున్నది దాసునికే. ఈ ఒక్క విషయములో మోషే గ్రంథము రసీన్ కంటె ఎంతో ముందున్నది. కోదాడ కూడికలో ఈ మాట చెప్పినప్పుడు కూలిపనికి వెళ్తూ సంఘమును కాచే ఒక సహోదరుడు, "యోసేపు మనోడే అన్నమాట" అన్నాడు. అతని వ్యాఖ్యానము నా పాఠము కంటె సూటిగా ఉన్నది.

తండ్రి ప్రార్థన

థీసియస్ చేసిన తప్పు కాపరులకు మరీ దగ్గరది. అతడు ఒక పక్షము విన్నాడు, కోపపడ్డాడు, సముద్రదేవుడైన నెప్ట్యూనుకు ప్రార్థన చేశాడు. పూర్వము ఆ దేవుడు ఒక వరము మాట ఇచ్చి ఉన్నాడు. ప్రార్థన వెంటనే నెరవేరింది. సముద్రము నుండి ఒక భీకర మృగము లేచింది, గుర్రములు బెదిరి హిప్పొలీతును ఈడ్చి చంపాయి. దేవతలు కొన్నిసార్లు కోపముతోనే మన ప్రార్థనలు అంగీకరిస్తారని ఆరిసీ అతనిని ముందే హెచ్చరిస్తుంది. అప్పటికి ఆలస్యమైంది. ప్రార్థనలకు జవాబు రావడమే దేవుని మెప్పుకు గురుతు అని బోధించేవారు ఈ ఘట్టమును ఒకసారి చదవాలి. అగ్ని కురిపించమన్న శిష్యులను ప్రభువు గద్దించాడని (లూకా 9:54-55) మరువకూడదు.

కొన్నేళ్ళ క్రితము, రహదారికి లోపలగా ఉన్న ఒక గ్రామములో, సండే స్కూలు చెప్పే యువకుని గూర్చి ఒక ఫిర్యాదు వచ్చింది. పెద్దలు ఆ రాత్రే కూర్చున్నారు. అతనిని పిలువలేదు. ఆదివారము పేరు చదివి వెలివేశారు. ఆ తీర్మానమునకు తలూపినవారిలో నేనూ ఒకడిని. ఫిర్యాదు పొలము గట్టు తగాదా నుండి పుట్టినదని మూడేళ్ళ తరువాత తెలిసింది. అప్పటికి అతడు ఊరు విడిచి వెళ్ళాడు. మేము ద్వితీ. 19:16-18ని, 1 తిమోతి 5:19ని అనేకసార్లు బోధించినవారమే.

దీనికి రెండవ వైపు కూడా చెప్పాలి. యోసేపు కథను చూపించి, నిజముగా హింసకు గురైన ఆడపిల్ల నోరు మూయించుట కూడా మన మధ్య జరుగుతున్నది. అలాంటి చోట చదవవలసినది ఆదికాండము 39 కాదు, 2 సమూయేలు 13. అక్కడ తామారు నిజము చెప్పింది, దావీదు కోపపడి ఊరుకున్నాడు. థీసియస్ విచారించకుండా శిక్షించాడు, దావీదు సంగతి వినీ శిక్షించలేదు. ఇద్దరి ఇండ్లలోనూ కొడుకులు చచ్చారు. ఫిర్యాదును వినుట, అవతలివానిని కూడా వినుట, అవసరమైతే చట్టమునకు అప్పగించుట — ఇవి ఒకదానికొకటి విరోధము కాదు.

బైబిలు నాటకములు

పన్నెండేళ్ళ మౌనము తరువాత, రాజు రహస్యముగా వివాహమాడిన మదామ్ ద మంతెనో కోరిక మీద రసీన్ రెండు నాటకములు వ్రాశాడు. ఆమె సాన్ సీర్‌లో స్థాపించిన బాలికల పాఠశాలలో ఆడుటకు అవి ఉద్దేశించబడ్డాయి. 'ఎస్తేరు' (1689) మూడు అంకాలు, మధ్యమధ్య పాటలు. క్రిస్మసుకు, ఈస్టరుకు నాటికలు వేయించే మన యౌవనస్థుల సంఘాలు చూసి నేర్చుకోదగినంత పొందికైన రచన. రాజసభ దానిని విపరీతముగా మెచ్చుకున్నది. బాలికలకు ఆ మెప్పు మంచిది కాదని కొందరు మతగురువులు అభ్యంతరపెట్టగా, రెండవ నాటకము 'అతల్యా' (1691) దుస్తులు, తెరలు లేకుండా కొద్దిమంది ఎదుట ఆడబడింది. ప్రజల ఎదుట ఆడినది 1716లో, కర్త చనిపోయిన తరువాత.

'ఎస్తేరు'లో నాకు లోటు ఒకటే. మంచివారు మరీ మంచివారు, హామాను మరీ చెడ్డవాడు. 'అతల్యా' అలా కాదు. 2 రాజులు 11లోని కథే: రాజవంశమును హతము చేసిన అతల్యా, దేవాలయములో దాచబడిన బాలుడు యోవాషు, యాజకుడు యెహోయాదా. మూడవ అంకములో యాజకునికి ప్రవచనాత్మ వస్తుంది. తాను రక్షించి కిరీటము పెట్టబోయే ఈ పిల్లవాడే రేపు దేవాలయ ఆవరణములో యాజకుని రక్తము చిందిస్తాడని ఆ దర్శనము సూచిస్తుంది. 2 దిన. 24:20-22లో ఆ జెకర్యా యెహోయాదా కుమారుడే. వేరే నాటకకర్త అయితే కిరీటధారణతో ఆనందముగా ముగించి ఆ సంగతి వదిలేసేవాడు. రసీన్ దానిని ముందే ప్రేక్షకుని చెవిలో వేశాడు. అందుచేత చివర జనము జయధ్వనులు చేస్తున్నా మనకు పూర్తి సంతోషము కలుగదు. చిన్నప్పటి నుండి దేవాలయములో పెరిగినవాడు, వాక్యము కంఠస్థము చేసినవాడు కూడా పడిపోగలడు. ఫేద్ర గుడి కట్టించినా విడుదల పొందలేదు. యోవాషు గుడిలోనే పెరిగినా నిలువలేదు.

కూడిక ముగిసి అన్నాలకు లేచినప్పుడు సారంగధర గుర్తుచేసిన పెద్దాయన నా దగ్గరకు వచ్చి, "అయ్యా, ఆ రాణికి ఎవరన్న వాక్యం చెప్పినోళ్ళు ఉంటే ఎట్లుండేది?" అని అడిగారు. నాటకములో ఆమె దగ్గరకు వచ్చి కూర్చున్న మనిషి దాది ఒక్కతే అని చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, "మరి దాదికి?" అన్నారు.